నాలుగో బుట్ట

మౌలా సాహెబ్ నాలుగో బుట్ట కూడా పెట్టేశాడు.

ఒడ్డు మీది జనంలోంచి గోల లేచింది. నాగులమ్మ తల తిప్పి చూసేసరికి, పాతకుప్పం జెండా గుంజ ముందు తాటాకు బుట్టలు ఒకదాని మీద ఒకటి నాలుగు బోర్లించి ఉన్నాయి. పొద్దున ఆమె పందెం కట్టినప్పుడు అక్కడున్నది ఒక్కటే బుట్ట.

"అక్కా!" తమ్ముడు చిన్నపోలయ్య తడి ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. "చూసినావా? మూటకు నాలుగంట! మన పడవను చచ్చిన చేపను చూసినట్టు చూస్తుండారు."

"చూసినా. గమ్మునుండు."

"గమ్మునెట్టా ఉండేది? మన వంతు పోతాది!"

పోతుంది. ఆమె భయమూ అదే.

అమ్మవారి కొలుపునాడు నాగులమ్మ వాళ్ళ పాతకుప్పానికీ, అవతలి జాలరి పల్లె లంకకుప్పానికీ పులికాట్ సరస్సు మీద తెరచాప పడవల పోటీ. సముద్రపు గాలి నిలదొక్కుకుని డప్పు మోగగానే రెండు పడవలూ బయలుదేరి, శ్రీహరికోట అడవి వైపున్న తిప్పను చుట్టి రావాలి. పందేలు పట్టేది దొరవారిసత్రం ఎండురొయ్యల వ్యాపారి మౌలా సాహెబ్. నయాపైసలు వచ్చి అయిదేళ్ళయినా ఆయన పందెం మాత్రం ఎండురొయ్యల మూటల్లోనే పట్టేవాడు. పాతకుప్పం పడవ గెలిస్తే దాని మీద కట్టిన మూటకు ఎన్ని మూటలిస్తాడో, ఆ గుంజ ముందు అన్ని బుట్టలు. బుట్టలు పెరిగాయంటే అవతలి పడవ మీద కట్టేవాళ్ళు ఎక్కువయ్యారని అర్థం.

నాగులమ్మ కట్టింది మూట కాదు, వంతు. సరస్సులో రొయ్య బాగా పడే కాలవ ఒక్కటే. అందులో వల కట్టే హక్కు ఇంటింటికీ వంతుల మీద వస్తుంది. తండ్రి పోయిననాటికి చిన్నపోలయ్య పసివాడు కాబట్టి కుప్పం పెద్దలు ఆ ఇంటి వంతును నాగులమ్మ చేతికిచ్చారు. ఇల్లరికం వచ్చిన ఆమె మొగుడు మునెయ్య ఇన్నేళ్ళూ ఆ వంతు మీద వేటాడాడు. ఇప్పుడు తమ్ముడు ఎదిగి పోటీ పడవకు చుక్కాని పడుతున్నాడు. వాడికి సొంత పడవ చేయించాలని ఆమె ఈ ఏటి వంతు మొత్తాన్ని వాడి చుక్కాని మీద పెట్టింది. గెలిస్తే పడవ. ఓడితే ఈ ఏడు కాలవలో వాళ్ళ వల ఉండదు. ఇంటిల్లిపాదీ పరాయి పడవల్లో కూలికి పోవాల్సిందే.

ఆమె కొంగు నడుముకు దోపుకుని మౌలా సాహెబ్ బండి దగ్గరికి నడిచింది.

"రా నాగులమ్మా. నువ్వొస్తావనే చూస్తుండా," అన్నాడాయన. "నీ పందేనికేం భయం లేదు. కట్టినప్పటి ధరే ధర. నాలుగు బుట్టలు కాదు, నలభై పెట్టినా నీ లెక్క మారదు."

"లెక్క మారదు సాయిబన్నా, గెలుపు మారతాదేమో అని."

"అది అల్లా చేతిలో ఉండాది."

"వెనక్కి తీసుకోవచ్చునా?"

"పొద్దున ఆ మాటంటే ఒప్పుకునేవాణ్ణే. ఇప్పుడు ఒప్పుకుంటే నేను దుకాణం మూసుకోవాల." ఆయన గడ్డం నిమురుకున్నాడు. "ఇంకో దారుండాది. లంకకుప్పం మీద కూడా కట్టు. ఎటు గెలిచినా కొంత మిగులుతాది. కానీ ఇప్పటి ధర చూసినావు కదా? అటు నాలుగు మూటలు కడితే వచ్చేది ఒక్కటే."

పక్కనే చేపల గంప దించుకుని కూర్చున్న చెంచమ్మ కిసుక్కుమంది. "తమ్ముడి మీద ఒక చెయ్యి, తమ్ముడి మీదికి ఒక చెయ్యి! కట్టు మే, కట్టు. రెండు చేతులా వాయించుకోవచ్చు."

"నువ్వు నీ గంప మీద ఈగలు తోలుకో చెంచక్కా," అంది నాగులమ్మ. అని, మౌలా సాహెబ్ వైపు తిరిగింది. "వద్దు సాయిబన్నా. ఇప్పుడు అటు కడితే నా భయానికి నేనే కూలి ఇచ్చుకున్నట్టు. నాకొక్కటే చెప్పు. ఎవురు కట్టినారు?"

మౌలా సాహెబ్ భుజం మీది తువ్వాలు చూపించాడు. పశువుల సంతలో బేరం చేసినట్టు, ఆయన పందేలన్నీ ఆ తువ్వాలు కిందే పట్టేవాడు. వేళ్ళు వేళ్ళు పట్టుకుంటాయి, నోళ్ళు కదలవు. "తువ్వాల కింద మాట తువ్వాల కిందే. నీ పేరు ఇంకొకడు అడిగినా నేను చెప్పను."

"పేరొద్దు. బుట్టలు అందరూ చూసేవే కదా. ఎప్పుడెప్పుడు పెట్టినావో చెప్పు."

"అది చెప్తా. రెండోది గాలి తిరిగినప్పుడు. సముద్రపు గాలి ఈసారి గట్టిగుంటాదని అందరికీ తెలిసింది, లంకకుప్పం పడవ బరువైంది కదా, గట్టి గాలికి అదే నిలబడతాదని నలుగురూ తలా ఒక మూట కట్టినారు. అది మామూలే."

"తర్వాత?"

"తర్వాత మూడు, నాలుగు ఒక్క వరసన పెట్టాల్సి వచ్చింది. మూడోది పెట్టినప్పుడు మీ పడవ ఇంకా ఒడ్డు మీదే ఉండాది. పూజ అయింది, నీళ్ళలోకి దించలా." ఆయన గొంతు తగ్గించాడు. "ఒకటే చెయ్యి నాగులమ్మా. నేను ధర తగ్గించే కొద్దీ ఆ చెయ్యి ఆగలా. నాలుక్కొకటే వస్తాదన్నా, సరే అన్నది."

నాగులమ్మ వెనక్కి నడుస్తూ లెక్క వేసుకుంది.

గాలి తిరగడం వల్ల మారిన ధరను చూసి ఆమె బెదరలేదు. గాలి అందరికీ కనిపిస్తుంది. ఆమె పందెం కట్టినప్పుడే గట్టి గాలిని లెక్కలోకి తీసుకుంది. చిన్నపోలయ్య అంతకంటే గట్టి గాలిలో చుక్కాని పట్టడం ఆమె చూసింది. అందరికీ తెలిసిన సంగతి కోసం మనసు మార్చుకోనక్కర్లేదు. కానీ ఈ రెండో మార్పు వేరు. సంతలో చేపలమ్మే మనిషికి ఆ తేడా తెలుసు. ఆశ ఉన్నవాడు ధర చూస్తాడు. లంకకుప్పంవాళ్ళకు తమ పడవ మీద ఎంత అభిమానమున్నా నాలుగు పెట్టి ఒకటి తీసుకోరు, వాళ్ళు పొద్దున మంచి ధర ఉన్నప్పుడే కట్టేశారు. ధర చూడకుండా కట్టేవాడికి ఆశ లేదు, ఆఖరు తెలుసు.

పడవ నీళ్ళలోకి దిగకముందే తెలుసు. అంటే సంగతి గాలిలో లేదు, అవతలి పడవలోనూ లేదు. తమ పడవలోనే ఉంది.

ఆమె తిరిగి వచ్చేసరికి చిన్నపోలయ్య వడ్రంగి జ్ఞానప్రకాశం చొక్కా పట్టుకుని ఉన్నాడు.

"నువ్వే! మొన్న అడుగు పలక మార్చింది నువ్వే కదా! ఎంత తిన్నావు లంకకుప్పమోళ్ళ దగ్గర?"

"చొక్కా వదులు అబ్బయా, ఆదివారం చొక్కా ఇది," అన్నాడు జ్ఞానప్రకాశం తాపీగా. "నేను తినింది మీ అక్క పెట్టిన పులుసు. అది కూడా ఉప్పు ఎక్కువైంది."

"వదలరా వాణ్ణి," అంది నాగులమ్మ. "ప్రకాశమన్నా, పడవ అడుగు చూపించు. నువ్వు చేసిందే కాదు, మొత్తం."

ముగ్గురూ మోకాలి లోతు నీళ్ళలో పడవను పక్కకు ఒరిగించి చూశారు. వడ్రంగి ప్రతి అతుకు దగ్గరా సుత్తితో తట్టాడు. చుక్కాని ఊడదీసి, దాని ఇనుప కొక్కేలు వంచి చూసి, మళ్ళీ తగిలించాడు. తెరచాప గుంజ మొదట్లో చేత్తో తడిమాడు. ఎక్కడా ఏమీ లేదు.

"పడవలో దోషముంటే నా చేతులు నరుక్కుంటా," అన్నాడు జ్ఞానప్రకాశం. "ఇంక మిగిలింది చాప ఒక్కటే. అది మన చేతిలో లేదు."

అతను చెప్పింది నిజమే. పూజ కాగానే తెరచాపను దాని వాసానికి చుట్టి, కుప్పానికి పెద్ద అయిన పెద్దకాపు కామాక్షయ్య దాని చుట్టూ అమ్మవారి పసుపుదారం కడతాడు. డప్పు మోగేదాకా ఆ దారం ఎవరూ తెంపకూడదు. తెంపిన పడవ ఆ ఏటికి పోటీలో లేనట్టే. పాతకుప్పంలో పుట్టినవాడెవడికీ ఆ దారం మీద చెయ్యి వెయ్యాలన్న ఆలోచన కూడా రాదు.

అందుకే కదా, అనుకుంది నాగులమ్మ. చేసినవాడు ఎవరూ చూడలేని చోటే చేశాడు.

"నువ్వు పడవ కనిపెట్టుకోనుండు," అని తమ్ముడికి చెప్పి ఆమె మొగుడి కోసం వెతికింది. పడవలో చాపతాడు పట్టేది మునెయ్యే. ఎండిన వలల నీడలో కూర్చుని తాళ్ళకు ముళ్ళు వేస్తున్నాడు.

"ఏమయ్యా, ఒక మాట," అంటూ దగ్గరగా కూర్చుంది. "మన చాపలో ఏదో ఉండాది."

మునెయ్య తలెత్తాడు. "ఏముండాది?"

"తెల్దు. దారం తెంపేదానికి లేదు. కానీ వేరే చాప కట్టకూడదని ఎవురూ అనలా కదా? మా నాయన చాప అటక మీద ఉండాది. డప్పు మోగేటప్పుడు ఆ వాసం తీసి పక్కన పెట్టి, మన పాత చాప ఎక్కిస్తే? పాతదైనా గట్టిది. పోలిగాడు పుట్టినప్పటి నుంచి ఆ చాపతోనే తిరిగినాడు."

మునెయ్య వేస్తున్న ముడి సగంలో ఆగింది. తర్వాత మెల్లగా బిగించాడు.

"ఎవురికైనా చెప్పినావా?"

"నీకే. తాడు పట్టేది నువ్వు కదా."

"మంచి పని చేసినావు. పోలిగాడికి కూడా చెప్పబాక, గుండె చెదురుతాది. నేనే తెస్తాలే. నువ్వు పో, ఒక బీడీ కాల్చుకోని పోతా."

ఆమెకు సగం బరువు దిగింది. పెళ్ళయిననాటి నుంచి తాను సగం మోస్తే సగం మోసిన మనిషి. తమ్ముడికి ఈత నేర్పింది అతనే. వల విసరడం నేర్పిందీ అతనే. ఈ మధ్యన, తమ్ముడికి సొంత పడవ అన్నప్పటి నుంచి, అతను కాస్త ముభావంగా ఉన్నాడు. ఎవరి దిగులు వాళ్ళకుంటుందిలే అనుకుని ఆమె అడగలేదు.

గాలి బలం పుంజుకుంది. సరస్సు మీద తెల్లని నురుగు గీతలు లేచాయి. డప్పులవాళ్ళు చర్మాలు కాచుకోవడానికి ఎండు తాటికమ్మలు అంటించారు. నాగులమ్మ పడవ పక్కన నిలబడి ఎదురు చూస్తుండగా ఒడ్డు మీద మళ్ళీ గోల లేచింది.

"అక్కా! అక్కా, అటు చూడు!" చిన్నపోలయ్య గంతు వేశాడు. "దిగింది! ఒక బుట్ట దిగింది!"

మౌలా సాహెబ్ గుంజ ముందు వంగి నాలుగో బుట్ట తీశాడు. కాసేపటికి తువ్వాలు సర్దుకుంటూ మళ్ళీ వచ్చి మూడోది కూడా తీశాడు.

"రెండే! మూటకు రెండే! మన పడవ మీద ఎవురో కుమ్ముతుండారు. జనానికి బుద్ధొచ్చింది చూడు!" వాడు పడవ అంచు మీద దరువు వేశాడు. పాతకుప్పంవాళ్ళు ఈలలు వేశారు. చెంచమ్మ కూడా గంప వదిలి లేచి నిలబడి, "మేయ్ నాగులూ, నీ తమ్ముడు బతికినాడే!" అని కేక వేసింది.

నాగులమ్మ కూడా నవ్వింది. నవ్వు పెదాల మీద ఉండగానే బుట్టల వైపు మళ్ళీ చూసింది.

ఎందుకు దిగినాయి?

గాలి తగ్గలేదు, పెరిగింది. లంకకుప్పం పడవ అటు పక్క నీళ్ళలో నిక్షేపంగా నిలబడి ఉంది. తమ పడవలో మారింది ఏమీ లేదు. మారబోతున్నది ఒక్కటే, చాప. ఆ సంగతి జ్ఞానప్రకాశానికి తెలియదు. చిన్నపోలయ్యకు తెలియదు. చాప ఇంకా అటక దిగను కూడా లేదు. ఆమె నోటి నుంచి ఆ మాట ఒక్క చెవిలో పడింది.

ఈసారి ధర మారింది ఆమెకు మేలు చేసేటట్టు. అందుకే ఇంకొకరైతే దాన్ని చూసి సంతోషించి ఊరుకునేవాళ్ళు. పందెం కట్టినవాడు ధర తనకు ఎదురు తిరిగినప్పుడే కారణం వెతుకుతాడు, కలిసొచ్చినప్పుడు వెతకడు. నాగులమ్మ వెతకకుండా ఉండలేకపోయింది. వెతికి, చూడకుండా ఉండలేకపోయింది.

ఆ చాపకు కుట్లు వేసింది ఎవరు? గట్టిపడేందుకు చెట్టుబెరడు కషాయంలో ఉడికించి ఆరబెట్టింది ఎవరు? పూజకు ముందు దాన్ని వాసానికి చుట్టి పెద్దకాపు ముందు పెట్టింది ఎవరు? తమ్ముడికి పడవ వస్తే, వంతు కూడా తమ్ముడికే పోతే, ఇన్నేళ్ళూ ఆ కాలవ తనదే అనుకుని వేటాడిన మనిషి ఏమవుతాడు? ఇల్లరికపు కూలివాడు అవుతాడు. ఆ ప్రశ్న ఆమె ఎప్పుడూ వేసుకోలేదు. అతను రోజూ వేసుకుని ఉంటాడు.

మునెయ్య వస్తున్నాడు. భుజం మీద గోనెపట్టా కప్పిన పాత చాప. ఆమెను చూసి తల ఊపాడు, అంతా సరిగ్గా ఉందన్నట్టు.

నోరు మూసుకుంటే చాలు. ఆ ఆలోచన తియ్యగా వచ్చింది. మంచి చాప వచ్చింది. అతను పాతకుప్పం మీద కూడా కట్టుకున్నాడు, ఇప్పుడు అతనికీ గెలుపే కావాలేమో. తమ్ముడు గెలుస్తాడు, వంతు నిలుస్తుంది, పడవ వస్తుంది, కాపురం కాపురంగా ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

గెలుపే కావాలేమో! అటు ఎన్ని కట్టాడో, ఇటు ఎన్ని కట్టాడో, ఏది గెలిస్తే ఎక్కువో అతనికొక్కడికే తెలుసు. తిప్ప దగ్గర పడవ తిరిగేటప్పుడు చాపతాడు అతని చేతిలో ఉంటుంది. అక్కడ ఒక్క జానెడు తాడు ఆలస్యంగా వదిలితే చాలు, ఏ చాపైనా ఒకటే. ఏ చుక్కానైనా ఒకటే. ఆమె తన వంతును తమ్ముడి చుక్కాని మీద కట్టింది. ఇప్పుడది మొగుడి లెక్క మీద ఉంది.

ఆమె నేరుగా డప్పుల దగ్గర కూర్చున్న పెద్దకాపు కామాక్షయ్య ముందుకు వెళ్ళింది.

"పెద్దకాపూ, పోటీ ఆపించు. మన పడవలో చాపతాడు పట్టే మనిషిని దింపి ఇంకొకర్ని ఎక్కించాల."

కామాక్షయ్య నోట్లో ఆకు నమలడం ఆపాడు. "పూజయినాక మనిషిని దింపడమేందమ్మా? ఒళ్ళు బాగలేదా?"

"ఒళ్ళు బాగుండాది."

"మరేంది?"

"చాపలో మోసముండాది. డప్పు మోగకముందే, ధర మారకముందే చేసింది. ఆ మనిషి లంకకుప్పం మీద కట్టినాడు."

జనం దగ్గరికి జరిగారు. మౌలా సాహెబ్ బండి దిగి వచ్చి నిలబడ్డాడు, కానీ నోరు విప్పలేదు. తువ్వాలు భుజం మీదే ఉంది. చిన్నపోలయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఏందక్కా? ఎవురు?"

"ఆ మనిషి," అంది నాగులమ్మ.

"ఆ మనిషంటే?" కామాక్షయ్య గొంతు గట్టిపడింది. "ఇంతమంది ముందర ఫిర్యాదు చేస్తుండావు. పేరు లేని ఫిర్యాదు గాలికి పోద్ది. పేరు చెప్పు. చెప్తే నేనే నా చేత్తో దారం తెంపి చాప విప్పుతా. మోసముంటే పందేలన్నీ రద్దు, ఆ మనిషి ఈ ఏడు నీళ్ళలో దిగడు. లేకపోతే మాత్రం, అమ్మవారి దారం ఊరికే తెంపించినందుకు నీ వంతు కుప్పానికి పోద్ది. ఆలోచించుకో."

"ఆలోచించే వచ్చినా."

"అయితే చెప్పు."

"తాడు పట్టేది ఎవురో నీకు తెల్దా?"

"నాకు తెలిసింది కాదమ్మా కావాల్సింది. నీ నోటి మాట కావాల."

ఆడవాళ్ళలో గుసగుస పుట్టింది. చెంచమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మొగుడి పేరు అడుగుతుండారే! ఎట్టా చెప్తాది?" అంది ఎవరితోనో. ఎవరో నవ్వారు. మరొకరు ఉష్ అన్నారు.

మునెయ్య అప్పటికి పడవ దగ్గరికి చేరాడు. పాత చాప దించి ఇసుకలో పెట్టాడు. ఇక్కడి మాటలు అతనికి వినిపిస్తూనే ఉన్నాయి. అతను పారిపోలేదు, అరవలేదు. దారం కట్టిన చాప చుట్ట మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మెడలో తాళి పడినప్పటి నుంచి వానల్లో గడప దాటి పిలిచినా, పడవ మునిగిన రోజున ఒడ్డున నిలబడి ఏడ్చినా, ఆమె నోట ఆ పేరు రాలేదు. ఇప్పుడూ రాదని అతనికి నమ్మకం. ఆ నమ్మకం అతని మొహం మీద చిన్న నవ్వుగా కనిపించింది.

నాగులమ్మ ఆ నవ్వు చూసింది. ఆ నవ్వు కింద, చుట్ట మీద, అతని చెయ్యి కప్పిపెట్టిన చోటు చూసింది.

"బావా?" చిన్నపోలయ్య నమ్మలేనట్టు అటు తిరిగాడు. "అక్కా, బావ కాదు కదా? చెప్పు, కాదని చెప్పు!"

"ఆఖరిసారి అడుగుతుండా," అన్నాడు కామాక్షయ్య. "ఎవురు?"

ఆమె కొంగు తీసి తల మీద కప్పుకుంది. లంకకుప్పం ఒడ్డుకు కూడా వినిపించేంత గట్టిగా అన్నది.

"మునెయ్య."